ఎన్ని గంటల ప్రయాణం?

2018 ఫిబ్రవరిలో మా అమ్మాయి రెండో కాన్పుకి అమెరికా వెళ్ళాను. నేను అక్కడున్నప్పుడు ఆరేళ్ళ మనవడు ఒకరోజు కంప్యూటర్ ముందు కూచుని, "అమ్మమ్మా, మీ అమ్మ వాళ్ళ ఇల్లు ఎంత దూరం?" అని అడిగాడు. మా అమ్మ ఉండేది తిరుపతిలో. దగ్గర్లో పెద్ద ఊరు చెప్పమంటే బెంగళూరు అన్నాను. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి ఆకాశ మార్గాన సుమారు 13,990 కిలోమీటర్లని వచ్చింది. పక్క గడిలో ప్రయాణకాలం పదహారు గంటలు. వాడు వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకుని, "అంతేనా? ఒక రోజు కూడా కాదే!" అన్నాడు.

నాకూ అలాగే అనిపించింది. ఎనభై నాలుగేళ్ళ అమ్మని తుంటి ఎముక విరిగిన మంచం మీద వదిలి వచ్చిన నాకు ఆ పదహారు గంటలు చాలా ధైర్యాన్నిచ్చాయి. ఏదైనా అయితే ఒక రోజులో వెళ్ళిపోవచ్చు. విమానమెక్కే ప్రతి కూతురూ, ప్రతి తల్లీ తనకు తాను చెప్పుకునే మాటే ఇది. ఈ మాట ఎంతవరకు నిజమో, అది నిజమని నమ్మి నేను ఏం చేశానో రాయాలని చాలా కాలంగా అనుకుంటున్నాను.

ముందు ఆ పదహారు గంటల సంగతి. అది ఎవరూ ప్రయాణం చేసి చూసి చెప్పిన కాలం కాదు. దూరాన్ని విమానవేగంతో, అంటే గంటకి తొమ్మిది వందల కిలోమీటర్లతో భాగించి, ఎక్కడానికీ దిగడానికీ ఒక అరగంట కలిపిన లెక్క. ఆ ఏడాది నా ప్రయాణం నిజానికి ఇలా సాగింది: దుబాయి దాకా పదహారు గంటలు, అక్కడ మూడున్నర గంటల ఎదురుచూపు, బెంగళూరుకి నాలుగు గంటలు, అక్కణ్ణించి తిరుపతికి కారులో ఐదు గంటలు. విమానాశ్రయాల్లో వరసల్లో నిలబడ్డది కాక.

ఆ దూరం కూడా స్థిరమైంది కాదని తర్వాత తెలిసింది. గోడమీది పటం చూసి నేను విమానం అట్లాంటిక్ దాటి, యూరప్ మీదుగా తిన్నగా వస్తుందనుకునేదాన్ని. మా అల్లుడు గ్లోబు తెచ్చి, ఒక దారం ముక్క ఆ కొస శాన్‌ఫ్రాన్సిస్కో మీద, ఈ కొస బెంగళూరు మీద పెట్టి బిగించి లాగాడు. దారం జారుకుంటూ పైకి పోయి ఉత్తర ధ్రువం దగ్గర నిలబడింది. ఉన్నవాటిలో దగ్గర దారి అదీ! పైగా దగ్గర దారి త్వరగా చేర్చాలన్న నియమం కూడా లేదు. 2016లో ఎయిర్ ఇండియా ఢిల్లీ - శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ దారి మాన్పించి పసిఫిక్ మీదుగా నడిపింది. దూరం పెరిగి పదిహేను వేల కిలోమీటర్లు దాటింది, కాలం మాత్రం తగ్గింది. భూమి తిరిగే దిక్కుకే వీచే పైగాలి విమానాన్ని వెనకనుంచి తోసింది కాబట్టి. ఇక గాలితోపాటు రాజ్యాలు ఉండనే ఉన్నాయి. 2022లో యుద్ధం మొదలయ్యాక రష్యా ఆకాశం అమెరికా విమానాలకి మూతపడింది. 2025 ఏప్రిల్లో పాకిస్తాన్ తన ఆకాశాన్ని మన విమానాలకి మూసింది. అవే ఊళ్ళు, ఉన్నచోటే ఉన్నాయి. మధ్య దూరం మాత్రం రాత్రికి రాత్రి పెరిగింది.

అంటే ఆకాశంలో కూడా దూరం అనుమతి మీద ఆధారపడిందే. ఇది మనకి కొత్త సంగతి కాదు. మా అవ్వ పుట్టిల్లు అత్తగారి ఊరికి పన్నెండు మైళ్ళు. ఎద్దుల బండిలో సగం పూట. తల్లికి జబ్బుగా ఉందని కబురొచ్చిన రోజున బండీ ఉంది, ఎద్దులూ ఉన్నాయి. మామగారు పంచాంగం తీశారు. ఆ రోజు మంచిది కాదు. మర్నాడు అమావాస్య. ఆ తర్వాత ఇంట్లో ఎవరివో చుట్టాల రాక, వంటకి మనిషి కావాలి. ఐదో రోజున బండి కట్టారు. సగం పూట ప్రయాణం ఐదు రోజులయింది. అవ్వ వెళ్ళేసరికి తల్లిని ఊరి బయటికి తీసుకుపోయి రెండు రోజులయిందట. ఈ కథ ఆవిడ మాకు ఏడుస్తూ చెప్పలేదు. మామగారి మంచితనం గురించి చెబుతూ, "ఆయనే బండి కట్టించి పంపినాడు" అని చెప్పింది.

నేను ఈ కథని తరగతి గదిలో చాలాసార్లు వాడుకున్నాను. స్త్రీల కథల గురించి పాఠం చెప్పేటప్పుడు, పుట్టిల్లు అన్న మాటలో ఉన్న దూరం గురించి చెప్పడానికి. పిల్లలు శ్రద్ధగా వినేవాళ్ళు. పంచాంగం చేతిలో పట్టుకున్న మామగారు నాలోనూ ఉండొచ్చునని నాకు తట్టలేదు.

అమ్మని చూసుకోవడానికి పెట్టుకున్న మనిషి రైల్వే కోడూరు దాటాక ఒక పల్లె నుంచి వచ్చింది. ఆమె పేరు రాయను. ఆమె చదవదు గానీ, ఆమె కూతురు చదువుతుంది. అప్పటికి ఆమెకి ముప్పై రెండేళ్ళు. భర్త లేడు. రాత్రింబవళ్ళు మా ఇంట్లోనే ఉండేది. తిరుపతి నుంచి ఆమె ఊరు అరవై కిలోమీటర్లు. ఆర్టీసీ బస్సులో రెండు గంటలు, దిగాక ఆటో.

మార్చి మొదట్లో ఒక సాయంత్రం ఫోన్ చేసింది. నాకది సాయంత్రం, ఆమెకి తెల్లవారుజాము. అమ్మ లేవకముందే చేసిందన్నమాట. "అక్కా, మా యమ్మకు బాగలేదంట. నాలుగు దినాలు పొయ్యొస్తా" అంది.

అప్పటికి మా అమ్మాయికి సిజేరియన్ అయి తొమ్మిది రోజులు. కుట్లు ఇంకా నొప్పి. అల్లుడి సెలవు అయిపోయింది. నాకు ఏప్రిల్ దాకా టికెట్ ఉంది. నేను ఆమెతో చాలా మెత్తగా మాట్లాడాను. అదే ఇప్పుడు గుర్తొస్తే గొంతులో అడ్డం పడేది. "నేనే వచ్చేస్తానమ్మా, టికెట్ మార్చుకుంటాను. నేను వచ్చేదాకా కాస్త ఓర్చుకో. అవ్వని నువ్వు తప్ప ఎవరు చూస్తారు? నేను ఎంత దూరంలో ఉన్నానో తెలుసు కదా" అన్నాను. ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు. "సరే అక్కా" అంది.

టికెట్ మరునాటికీ దొరికేది. ఎక్కువ డబ్బు పెడితే. నేను పది రోజుల తర్వాతది తీసుకున్నాను. అమ్మాయి కుట్లు, పసివాడికి డాక్టరు చూపు, పెద్దవాడికి బడి, డబ్బు, ఈ కారణాలన్నీ నిజమైనవే. మా మామగారి అమావాస్య కూడా నిజమైన అమావాస్యే.

ఏడో రోజున వాళ్ళమ్మ పోయింది. పక్కింటావిడని బతిమాలి ఒక పూట అమ్మ దగ్గర కూచోబెట్టి, ఉదయం బస్సుకి వెళ్ళి, రాత్రి బస్సుకి తిరిగి వచ్చేసింది. ఈ సంగతి నాకు ఫోన్లో చెప్పలేదు. నాలుగు రోజులకి నేను ఇల్లు చేరి, పెట్టెలు దించుకుని, "మీ అమ్మకెలా ఉంది? ఇవాళే బయల్దేరు" అంటే అప్పుడు చెప్పింది. నేను నిలబడిపోయాను. ఆమె నా చేతిలో సంచీ తీసుకుంది. "చానా దూరం నించి వచ్చినారు, అలిసిపోయింటారు. కాఫీ తాగండి" అని లోపలికి వెళ్ళింది.

ఆ పదకొండు రోజుల్లో నేను దాటింది దాదాపు పదహారు వేల కిలోమీటర్లు. ఆమె దాటవలసింది అరవై.

తర్వాత చాలా మందితో ఈ మాట చెప్పుకున్నాను. ఎక్కువ మంది, "నువ్వేం చేస్తావు, అంత దూరంలో ఉండి" అన్నారు. దూరం నన్ను క్షమించేసింది. మా కాలేజీలో తత్వశాస్త్రం చెప్పిన స్నేహితురాలు మాత్రం ఓదార్చలేదు. పీటర్ సింగర్ 1972లో కరువు గురించి రాసిన వ్యాసం తెచ్చి ఇచ్చింది. తూర్పు బెంగాల్ శరణార్థుల ఆకలి చూసి రాసిన వ్యాసమది. నీటి మడుగులో ఒక పసిబిడ్డ మునిగిపోతుంటే, బట్టలు తడుస్తాయని ఆగిపోము కదా, మరి ఆ బిడ్డ పది గజాల దూరంలో కాక పదివేల మైళ్ళ దూరంలో ఉంటే మన బాధ్యత ఎందుకు తగ్గాలి అని ఆయన వాదన. దూరానికి నైతికంగా ఏ విలువా లేదంటాడు.

చదువుతుంటే మొదట సంతోషం వేసింది, నన్ను ఎవరూ క్షమించనక్కర్లేదని. రెండోసారి చదివితే తృప్తి కలగలేదు. సింగర్ కథలో గట్టు మీద నిలబడ్డ మనిషి చేతులు ఖాళీగా ఉన్నాయి. వెనక ఎవరూ లేరు. అతను దూకాలా వద్దా అన్నదొక్కటే ప్రశ్న. మన ఆడవాళ్ళలో అలా ఖాళీ చేతులతో గట్టు మీద నిలబడ్డవాళ్ళు ఎందరు? నా చంకలో ఒక పసివాడు ఉన్నాడు, పక్కన కుట్లతో కూతురు ఉంది. సరే, అది నా పక్షం. ఇంకో పక్షం కూడా ఉంది. తల్లి వైపు పరిగెత్తబోతున్న ఒక మనిషి కొంగు నేను వెనకనుంచి పట్టుకుని ఉన్నాను. మునిగిపోతున్నవాళ్ళకీ నాకూ మధ్య దూరం ఎంత అని కొలిచే తత్వశాస్త్రంలో నా చేతిలో ఎవరి కొంగు ఉందో కనిపించదు. ఆమెకీ వాళ్ళమ్మకీ మధ్య ఉన్న అరవై కిలోమీటర్లలో బస్సు దారి రెండు గంటలు. మిగతా దూరమంతా నేనే.

డబ్బిచ్చి పెట్టుకున్నావు, మానేసి వెళ్ళిపోవచ్చు కదా అన్నవాళ్ళూ ఉన్నారు. నెలకి పన్నెండు వేలు ఇచ్చేదాన్ని. ఆ జీతంతో కూతురు ఇంటర్ చదువుతోంది. ఈ మాట అనేవాళ్ళు తాము ఏ ఉద్యోగం నుంచి అలా లేచి వెళ్ళిపోయారో ఒకసారి చెప్పాలి. పైగా ఆమె జీతం కోసమే ఆగిందని కూడా నేను అనలేను. అవ్వని ఒక్కర్తినీ మంచం మీద వదిలి పోలేక ఆగింది. నేను పట్టుకున్నది ఆమె అవసరాన్నే కాదు, ఆమె మంచితనాన్ని కూడా. అందుకే ఇందులో ఎవరో తప్పు చేశారని తీర్పు చెప్పి ముగించడానికి నాకు కుదరటం లేదు.

ఆర్లీ హోక్‌షీల్డ్ 2000లో 'గ్లోబల్ కేర్ చెయిన్స్' అన్న మాట వాడింది. ధనిక దేశంలో ఒక స్త్రీ ఉద్యోగానికి వెళ్ళడానికి పేద దేశపు స్త్రీ వచ్చి ఆమె పిల్లల్ని సాకుతుంది. ఆ వచ్చినామె పిల్లల్ని ఊళ్ళో ఇంకో పేదరాలు, ఆమె పిల్లల్ని వాళ్ళ పెద్దకూతురు. ఒక్కో లంకె దాటే కొద్దీ జీతం తగ్గుతూ, చివర సున్నా అవుతుంది. ఆ వ్యాసం నేను ఎప్పుడో చదివి, గల్ఫ్ వెళ్ళే కడప, గోదావరి జిల్లాల ఆడవాళ్ళ గురించి మాట్లాడేటప్పుడు ప్రస్తావించాను కూడా. విజిటర్ వీసా మీద వచ్చి ఆర్నెల్లు వంటచేసి, పిల్లలకి స్నానాలు పోసి, తిరుగు విమానం ఎక్కే మనబోటి అమ్మమ్మలం, నాయనమ్మలం ఆ గొలుసులో లంకెలమేనని అనుకోలేదు. మనం చేసేది ప్రేమతో చేస్తాం కదా! ఒకరి తర్వాత ఒకరు, ఆర్నెల్లు అమ్మగారు, ఆర్నెల్లు అత్తగారు, వంతులు వేసుకుని మరీ.

మా గొలుసు ఇలా ఉంది. నా కూతురు ఆఫీసుకి వెళ్ళడానికి నేను. నేను వెళ్ళడానికి మా అమ్మ దగ్గర కోడూరు మనిషి. ఆమె మా ఇంట్లో ఉండడానికి వాళ్ళమ్మ దగ్గర ఉండాల్సిన ఆమె అక్క. ఆ అక్క కువైట్‌లో ఇంకో ఇంటి పిల్లల దగ్గర ఉంది. తల్లి దహనాన్ని వీడియో కాల్‌లో చూసింది, అదీ యజమానురాలు ఫోన్ చేతికిచ్చినంత సేపు.

ఇందులో మా అన్నయ్య లేడు. చూశారా, ఇంత దూరం రాసేదాకా నాకూ గుర్తు రాలేదు. అన్నయ్య చెన్నైలో ఉంటాడు. తిరుపతికి నూట నలభై కిలోమీటర్లు, సొంత కారుంది. అప్పటికే రిటైరయ్యాడు. ఆ మార్చిలో, ఆ పదకొండు రోజుల్లో, "అన్నయ్యా, నువ్వు నాలుగు రోజులు వెళ్ళి అమ్మ దగ్గరుండు" అని నేను ఫోన్ చెయ్యలేదు. వదిన వెళ్తుందేమో అడుగుదామా అని మాత్రం ఒకసారి అనుకున్నాను. తర్వాత ఎప్పుడో అన్నయ్యని అడిగితే, "నాకు చెప్పి ఉంటే వచ్చేవాణ్ణి కదే" అన్నాడు. అబద్ధం కాకపోవచ్చు. అమ్మకి డయపర్ మార్చడం, ఒత్తిగిలించి పడుకోబెట్టడం, అన్నయ్య చేతులు చేసే పనిగా నా ఊహకే అందలేదు. కాలిఫోర్నియా నుంచి నన్ను నేను పిలుచుకోవడం నాకు తేలికనిపించింది. చెన్నై నుంచి అతన్ని పిలవడం అసాధ్యమనిపించింది. ఇన్నేళ్ళు స్త్రీవాదం చదివి, రాసి, నేను వేసుకున్న దూరాల పటం ఇది.

2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి మధ్యలో ఎక్కడా ఆగని మొదటి ఎయిర్ ఇండియా విమానాన్ని నలుగురు స్త్రీలు నడిపారు. కెప్టెన్ జోయా అగర్వాల్, ఆమెతో పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనావరే, శివానీ మన్హాస్. ఉత్తర ధ్రువం మీదుగా, దాదాపు పదిహేడు గంటలు. మా అల్లుడి దారం గుర్తొచ్చింది. పేపర్లో ఫోటో కత్తిరించి దాచుకున్నాను. ఆ సంతోషంలోనే ఒక ప్రశ్న కూడా వచ్చింది, ఆ రెండు రోజులూ వీళ్ళ ఇళ్ళలో ముసలివాళ్ళని ఎవరు చూసుకున్నారో అని. వెంటనే సిగ్గేసింది. ఇన్నిసార్లు విమానమెక్కి, ఒక్క మగ పైలట్ గురించి నాకా ప్రశ్న రాలేదు.

అమ్మ 2019 నవంబరులో పోయింది. నేను పక్కనే ఉన్నాను. కోడూరు నుంచి వచ్చినామె కూడా ఉంది. అప్పటికి ఆమెకి నెలకి నాలుగు రోజుల సెలవు, ఆ నాలుగు రోజులూ అన్నయ్య వంతు అని పద్ధతి పెట్టుకున్నాం. మొదటి నెల అన్నయ్య వదినని వెంటబెట్టుకొచ్చాడు. రెండో నెల ఒక్కడే వచ్చాడు. నేర్చుకున్నాడు, పెద్ద కష్టమేమీ పడలేదు. అది చూసి నాకు సంతోషం కన్నా కోపమే ఎక్కువ వచ్చింది, ఇంత తేలికా అని. ఆమె ఆ సెలవుల్లో ఊరికి వెళ్ళేది. అక్కడ అమ్మ లేదు.

2024లో ఒకరోజు ఆమె మా ఇంటికి కాగితాలు తీసుకుని వచ్చింది. కువైట్‌కి తనూ వెళ్తుందట, కూతురి పెళ్ళి అప్పు తీర్చడానికి. పదో తరగతి దాటనివాళ్ళ పాస్‌పోర్టు మీద ముప్పై ఏళ్ళు నిండని స్త్రీలని ఆ దేశాలకి ఇంటిపనికి పంపరు. ఈమెకి ముప్పై ఎనిమిది, ఆ అడ్డు లేదు. ఏజెంటు ద్వారా వద్దు, ప్రభుత్వ సంస్థ ఓంకాప్ ద్వారానే వెళ్ళమని చెప్పాను. పనిమనుషుల పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదని అక్కడ 2015లో చట్టం వచ్చిందని కూడా చెప్పాను. ఆమె వింది. "మా యక్కది ఇప్పటికీ వాళ్ళ బీరువాలోనే ఉంది" అంది, చట్టాన్ని తప్పుపట్టకుండా, వార్త చెప్పినట్టుగా.

కాగితాలు ఒక్కొక్కటే చదివి వినిపించాను. ఆమె ఎప్పుడూ విమానం ఎక్కలేదు. "ఎన్ని గంటలు పడతాది అక్కా?" అని అడిగింది.

చెన్నై నుంచి కువైట్‌కి సుమారు మూడు వేల ఎనిమిది వందల కిలోమీటర్లు. "ఐదు గంటలు" అన్నాను.

"అంతేనా!" అంది, అచ్చం మా మనవడిలాగే. కాసేపు ఆ కాగితాలు మడిచిపెట్టుకుని, "మళ్ళా వచ్చేదానికి?" అంది.

అగ్రిమెంటు రెండేళ్ళని రాసి ఉంది. నేను ఆమె చేతిలోంచి కాగితం తీసుకుని, మధ్యలో రావడానికి ఏమైనా రాశారేమోనని మొదటి నుంచి మళ్ళీ చదవడం మొదలుపెట్టాను.